చౌడప్ప బండి కారడం మానిన వైనం

తిమ్మక్క వాకిట్లో ముగ్గు వేయడం, ఆ ముగ్గు మీద చౌడప్ప బండి ఆయిలు కార్చడం, ఆ ఇంట్లో పొద్దున్నే జరిగే రెండు పనులు. బండిని వేరే చోట నిలుపుకోరాదా అని ఊరంతా అడిగింది. కుదరదు. కిక్కు కొడితే స్టార్టయ్యే వయసు దానికి ఎప్పుడో దాటిపోయింది. చౌడప్ప వాకిలి వీధి కంటే ఎత్తు. ఆ వాలులో కిందికి దొర్లిస్తేనే ఇంజనుకు ప్రాణం వస్తుంది. కాబట్టి అది రాత్రంతా వాకిట్లోనే నిలబడి అరచేతంత మరక పెడుతుంది. తిమ్మక్క ఆ మరక మీద పేడనీళ్ళు చల్లి, పిండి పట్టక, మొగుణ్ణి నాలుగు తిట్టి, పక్కకు జరిగి ముగ్గు వేస్తుంది. బయటికి పోతూ బండి ఆ ముగ్గు మీద కూడా రెండు చుక్కలు వదిలి పోతుంది.

"ముగ్గుకు చుక్కలు పెట్టేది నేనయ్యా, నీ బండి గాదు," అనేది తిమ్మక్క.

పశువుల ఆస్పత్రి కాంపౌండరు బదిలీ మీద పోతూ వదిలించుకున్న బండి అది. కారని రోజు లేదు. ధర్మవరంలో దివాకర్ అనే మెకానిక్ దాన్ని బాగుచేయని నెలా లేదు. మొదటిసారి సబ్బు పూశాడు. తర్వాత ఏదో బంక పూశాడు. ఆ తర్వాత పెండ్లి పత్రిక అట్ట కత్తిరించి ఇంజను మూత కింద గాస్కెట్‌గా పెట్టాడు; ఆ పెండ్లి జరగక ముందే అది నాని ఊడింది. ప్రతిసారీ "ఈసారి కారితే నా పేరు దివాకర్ గాదు" అని పంపేవాడు. ఆ లెక్కన వాడికి పేరు లేక మూడేళ్ళయింది.

నవ్వుకోవడానికి బండి బాగానే ఉంది గానీ, రెండు వేల రెండు వేసవిలో చౌడప్పకు నవ్వొచ్చే పరిస్థితి లేదు. అతని నాయన పెట్టిపోయిన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండుతోంది. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. దాయాది పెద్దన్నతో ఉమ్మడిగా ఉన్న బోరు సంక్రాంతి దాటగానే గాలి కొట్టింది. కనెక్షను పెద్దన్న పేరు మీద ఉండటంతో మోటారూ తీగలూ అతను పీక్కుపోయాడు. ట్యాంకరు నీళ్ళు పోసి ఇన్నాళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఆకులు దొన్నెల్లా ముడుచుకుంటున్నాయి. ఈ నెలలో నీళ్ళు పడకపోతే చెట్లు కట్టెలవుతాయి. కొత్త బోరు కోసం తిమ్మక్క చెవుల కమ్మలు పోయాయి. కుట్లు పూడిపోకుండా ఆమె చీపురుపుల్లలు పెట్టుకుని తిరుగుతోంది. అద్దంలో చూసుకోవడం మానేసింది.

బోరు వేయడానికి ముందు రోజు నీళ్ళు చూసే మద్దిలేటి వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని, కళ్ళు మూసుకుని తోటంతా తిరిగాడు. నడిమి సాళ్ళలో ఒకచోట టెంకాయ లేచి నిలబడింది. అక్కడ రాయి పెట్టి, పసుపు పూసి, వేపాకు కప్పి పోయాడు. ఆ తతంగం జరుగుతున్నంతసేపూ చౌడప్ప బండి తోట గట్టు మీద నిలబడి, అలవాటు ప్రకారం కారింది; ఆ ఆయిలు వాలున జారి గట్టు కింద ఒక నల్లటి మరక పెట్టింది. తిరిగి పోయేటప్పుడు దొర్లించుకోవడానికి ఆ పొలంలో గట్టు తప్ప వేరే ఎత్తు లేదు.

బోరు లారీ మేస్త్రి అరవాయన. అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెప్పాడు: రాయి పెడితే మేకలు తన్నుతాయి, పసుపు గాలికి పోతుంది, గిట్టని పక్కింటివాడు రాయిని నాలుగడుగులు జరుపుతాడు, అందుకే పాయింటు మీద మడ్డాయిలు పోయండి, దాన్ని ఎవడూ చెరపలేడు. తాను పోయే ప్రతి ఊళ్ళోనూ అదే పద్ధతట. చౌడప్ప తల ఊపాడు. ఊపి మరిచిపోయాడు.

ఇక బోరు వేసే రోజు. చౌడప్పకు పని రెండే ముక్కలు. పొద్దున ధర్మవరం పోయి దివాకర్ చేత బండి కారడం ఆపించుకుని, పూజ సామాను కొనుక్కుని రావాలి. మధ్యాహ్నం దాటాక బోరు లారీ వస్తుంది.

"ఈ పొద్దు గుడక ఆ ముదనష్టపు బండేనా? బోరు కంటే ఎక్కువైపోయిందా?" అంది తిమ్మక్క.

"ఎక్కువే. బోరు పడినాక కరెంటు యాడ నుంచి వస్తాది? కరెంటాఫీసులో ఆ సారు కొత్తగా బండలు పరిపించినాడు. ఆ బండల మీద మన బండి కారిన కాణ్ణుంచి నా మొగం చూస్తే కాగితం పక్కన పెడతాండాడు. కారని బండితో పోవాల."

అందులో న్యాయం ఉంది కాబట్టి తిమ్మక్క ఇంకేమీ అనలేదు.

బోరు లారీ మధ్యాహ్నం రాలేదు. పొద్దున్నే వచ్చింది. పక్క ఊళ్ళో తవ్వుతున్న బోరులో దుమ్ము తప్ప ఏమీ రాక, ఆ రైతు ఏడుస్తూ ఆపమంటే, తీరిక దొరికిందని ఇటు తిరిగింది. తోటలో ఎవరూ లేరు. మద్దిలేటి వేపాకును మేకలు తిని, రాయిని దొర్లించి పోయాయి. మేస్త్రి తోటంతా తిరిగి గట్టు కింద తళతళలాడుతున్న ఆయిలు మరక చూశాడు. చెప్పిన మాట విన్న రైతు ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడని సంతోషించి, లారీని అక్కడ నిలబెట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

మోత విని తిమ్మక్క సంగటి గరిటె చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఈడ గాదప్పా, ఆడ," అని అరిచింది. కంప్రెసరు మోతలో ఆమె మాట ఆమెకే వినిపించలేదు. మేస్త్రి ఆమె గరిటె చూసి, అన్నానికి పిలుస్తోందనుకుని, తర్వాత వస్తామని చేత్తో సైగ చేశాడు. ఆమె గట్టు మీద కూలబడి, కమ్మలు ఆ గుంతలోకే పోతున్నాయని ఏడ్చింది.

ధర్మవరంలో ఇంకో వింత జరిగింది. దివాకర్ ఈసారి ఇంజను విప్పి, అనంతపురం నుంచి తెప్పించిన సీలు వేశాడు. బండి కింద తెల్ల కాగితం పరిచి ఇద్దరూ టీ తాగారు. కాగితం తెల్లగానే ఉంది. ఇంకో టీ తాగారు. అప్పటికీ తెల్లగానే ఉంది.

దివాకర్ వంగి కింద నుంచి చూశాడు. "అన్నా, ఆయిలుండాదా లోపల?"

"నువ్వే గదా పోసింది."

"అయితే నిజంగానే ఆగిపోయిందన్నా," అన్నాడు దివాకర్. అతని గొంతులో కొంచెం భయం కూడా ఉంది.

చౌడప్ప ఊరు చేరేసరికి తోట దగ్గర జనం మూగి ఉన్నారు. ఎవరో పోయారనుకుని బండి వదిలేసి పరుగెత్తాడు. జనం మధ్యలో నుంచి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తున్నాయి. మొదట బూడిద రంగులో, తర్వాత తేటగా. చౌడప్ప బురదలో మోకాళ్ళ మీద కూర్చుని నాయనను తలచుకుని ఏడ్చాడు. సంతోషంతో ఏడ్చి చాలా ఏళ్ళు కావడంతో అతనికది కొత్తగా ఉండింది. తిమ్మక్క దోసిలి పట్టి ఆ నీళ్ళతో మొహం కడుక్కుంది.

అంతటితో ఊరుకుంటే కథ మంగళంగా ముగిసేది. తిమ్మక్క నోరు ఊరుకోలేదు.

"ఏమయ్యా, మద్దిలేటి రాయి పెట్టింది ఆ సాళ్ళలో. నీళ్ళు పడింది ఈడ, నీ బండి కారిన కాడ. ఆ టెంకాయ కంటే నీ బండే మేలు," అంది నవ్వుతూ. ఆమె నవ్వి కూడా చాలా ఏళ్ళయింది. పక్కనే నిలబడ్డ పెద్దన్న నవ్వలేదు. అతను పీక్కుపోయిన మోటారు ఇంకా ఏ బోరులోకీ దిగలేదు.

పొద్దు గూకేలోపల ఊరంతా అదే మాట. చౌడప్ప బండి నీళ్ళ జాడ పడుతుందట. నీళ్ళున్న చోటే చుక్క వదులుతుందట. మూడేళ్ళుగా అది అందరి వాకిళ్ళలోనూ కారిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినవాళ్ళు తమ వాకిట్లో ఎక్కడ కారిందో వెతుక్కోవడానికి పోయారు. బండి నిలబడితే చీపురు తిరగేసి తరిమిన ఓబమ్మ, మరక పడ్డ చోటు చుట్టూ ముళ్ళకంప వేసి కాపలా కూర్చుంది.

"వజ్రకరూరోళ్ళు వాన పడితే వజ్రాలు ఏరుకుంటారంట. మనోళ్ళు ఆయిలు మరకలు ఏరుకుంటాండారు," అంది తిమ్మక్క. ఎవరూ వినలేదు.

అవమానంతో మద్దిలేటి ఊరు వదిలిపోతాడని చౌడప్ప అనుకున్నాడు. మద్దిలేటి అంత అమాయకుడు కాదు. మరునాడే వచ్చి బండి హెడ్‌లైటుకు విభూతి పట్టెలు పెట్టి, హ్యాండిలుకు మల్లెదండ వేసి, జనం వైపు తిరిగాడు.

"టెంకాయ పాతకాలందప్పా. పైపై నీళ్ళు ఉండేటప్పుడు అది చాలు. ఇప్పుడు నీళ్ళు లోతుకు పోయినాయి. లోతుకు ఇనుమే పలుకుతాది," అన్నాడు.

ఆ సాయంకాలం పుల్లన్న వచ్చాడు. ఊళ్ళో సగం పొలం ఆయనది. కరెంటాఫీసు బండల మీద ఆయన చెప్పులతో నడిచినా సారు లేచి నిలబడతాడు. చౌడప్ప తోట గట్టుకు అవతలి పక్క బీడు కూడా ఆయనదే. ఆయన మంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, నెమ్మదిగా మాట తీశాడు.

"చౌడా, నీళ్ళు పడినాయి. సంతోషం. మోటారు తిప్పేదానికి కరెంటు వద్దా?"

"కావాలన్నా. రేపు ఆఫీసుకు పోదామని..."

"నువ్వు పోతే అయ్యే పనేనా? నేను చెప్తా. వారంలో కనెక్షను వస్తాది. నీ బండి ఒక్క పొద్దు నా పొలంలో తిప్పు. యాడ కారితే ఆడ బోరేసుకుంటా."

చౌడప్పకు అప్పుడు గుర్తొచ్చింది. "అన్నా, బండి కారడం మానింది. నిన్ననే దివాకర్ దగ్గర బాగుచేయించుకొచ్చినా."

పుల్లన్న గ్లాసు కింద పెట్టాడు. గుమ్మం దగ్గర గుమిగూడిన జనంలో కలకలం లేచింది.

"బాగుచేయిచ్చినావా?" అన్నాడు పెద్దన్న. "నీ నీళ్ళు నీకు పడినాక, మాకు పడకుండా బాగుచేయిచ్చినావా? ఎంత కుళ్ళప్పా నీకు."

"నేను పొద్దున పోయినా. నీళ్ళు పడింది నాకేం తెలుసు?"

"నీకు తెలియకపోతే ఆ పొద్దే యాలా పోయినావు?"

నిజం చెప్పేవాడికి ఇలాంటి ప్రశ్నలకు జవాబులు సిద్ధంగా ఉండవు. పుల్లన్న మాత్రం కోపం చేసుకోలేదు.

"మానింటే మళ్ళా కారిచ్చు చౌడా. అదేం పెద్ద పని?" అని లేచి పోయాడు.

మరునాడు చౌడప్ప ధర్మవరంలో దివాకర్ ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. కారేట్టు చేయమని అడిగాడు. దివాకర్ పాను నములుతున్న నోరు ఆపేశాడు.

"మళ్ళీ చెప్పన్నా."

"ముందు మాదిరే కారాల. మరీ ఎక్కువొద్దు. నిలబెట్టిన కాడ ఒకటో రెండో చుక్కలు."

"అన్నా, నా జన్మలో ఒక్క బండి బాగుచేసినా. మొన్నట్నుంచి అందరికీ అదే చెప్పుకుంటాండా. దాన్ని గుడక చెడగొట్టమంటావా?" దివాకర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆపేది నాకు ఒక్కసారే తెలిసింది. కారిచ్చేది మటుకు నేను ఏ పొద్దూ కావాలని చేయలేదన్నా. అదే అయ్యేది."

చౌడప్ప తోట సంగతి, పుల్లన్న సంగతి, కనెక్షను సంగతి చెప్పుకున్నాడు. వింటూ వింటూ దివాకర్ స్పానరు తీసి ఇంజను కింద బోల్టు వదులు చేశాడు. ఎంత వదులు చేయాలో అతనికీ తెలియదు. ఏమీ కారలేదు. ఇంకొంచెం వదులు చేశాడు. చుక్క పడింది. ఇద్దరూ తృప్తిపడ్డారు. గతుకుల రోడ్డు మీద బోల్టు తనంతట తాను ఇంకా వదులవుతుందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

పుల్లన్న బీడుకు బండి ఊరేగింపుగా బయలుదేరింది. ముందు డప్పులు, వెనక జనం, నడుమ మల్లెదండ వేసుకున్న బండి. బోల్టు ఊరు దాటకముందే సడలింది. చుక్కలు పడాల్సిన చోట ధార పడసాగింది. జనం పడ్డ చోటల్లా రాళ్ళు పెట్టుకుంటూ పోయారు. రెండు చుక్కల నడుమ జాగా ఎవరిదని తగువులు పడ్డారు. పెద్దన్నకు పట్టరాని సంతోషం కలిగింది. ధార ఆయన పశువుల పాక ముందు మడుగు కట్టింది. పాక పీకించడానికి అప్పుడే మనుషులను పురమాయించాడు.

బీడు చేరేసరికి ఇంజనులో కారడానికి ఏమీ మిగల్లేదు. చౌడప్పకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కింద నుంచి వేడి పిక్కలకు కొడుతోంది, ఇంజను దగ్గుతోంది.

"అన్నా, ఆయిలు అయిపోయినట్టుండాది. ఆపుదాం," అన్నాడు.

"కారలేదు గదప్పా ఇంకా," అన్నాడు పుల్లన్న గొడుగు కింద నుంచి. "తిప్పు. నా పొలానికి వచ్చేటప్పటికే దానికి బిగుసుకుందా?"

చౌడప్ప తిప్పాడు. కనెక్షను కోసం తిప్పాడు. చీనీ చెట్ల కోసం తిప్పాడు. ఎండలో బీడంతా చుట్టి, తన తోట గట్టు పక్కకు వచ్చేసరికి ఇంజను లోపల ఏదో కటకటలాడి, బండి బిగదీసుకుని నిలబడిపోయింది. చక్రం తిరగలేదు. తోస్తే కదల్లేదు. నలుగురు పట్టుకున్నా అంగుళం జరగలేదు.

మద్దిలేటి చేతులు పైకెత్తాడు. "కూర్చుండిందప్పా. ఇంగ లేవదు. చుక్క పడితే బోరు. తానే కూర్చుంటే గంగమ్మే."

"బోరు లారీని పిలిపించండి," అన్నాడు పుల్లన్న.

చౌడప్ప చుట్టూ చూశాడు. గట్టుకు ఇటు బండి. గట్టుకు అటు, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో తన బోరు.

"అన్నా, ఈడొద్దన్నా. నా బోరు పక్కనే ఉండాది. నువ్వు ఇంకా లోతుకు పోతే నా నీళ్ళన్నీ నీకే వస్తాయి. నా తోట సచ్చిపోతాదన్నా. నీకు ఇంత పొలముండాది, ఇంకో పక్క ఏసుకో."

"నేనేమన్నా పెట్టినానా చౌడా ఈ పాయింటు? నేను తిప్పమన్నా, అంతే. ఈడ కూర్చున్నది నీ బండి."

"అది ఆయిలు లేక నిలబడిందన్నా."

"మొన్న ఆయిలు కారితే నీకు నీళ్ళు. ఈ పొద్దు ఆయిలు లేకపోతే నాకు నీళ్ళు. నీకు ఒక న్యాయం, నాకు ఒక న్యాయమా?"

జనం అవునవునన్నారు. చౌడప్ప తిమ్మక్క వైపు చూశాడు. ఆమె చెవిలో పుల్ల తీసి, తిప్పి, మళ్ళీ పెట్టుకుంది.

పుల్లన్న బోరు చౌడప్ప బోరుకు రెండింతల లోతుకు పోయింది. నీళ్ళు తాటిచెట్టు కంటే ఎత్తు లేచాయి. మద్దిలేటికి కొత్త పంచె వచ్చింది. పెద్దన్న పాక కింద మాత్రం రాయి, ఆ కింద ఇంకో రాయి తగిలాయి. పాక పోయిందన్న కోపం కొద్దీ ఆయన చౌడప్పతో మాటలు మానేశాడు.

పుల్లన్న మాట తప్పే మనిషి కాదు. వారంలో కనెక్షను ఇప్పించాడు. స్తంభం నాటించాడు. లైన్‌మ్యాన్ చేత తీగ లాగించాడు. చౌడప్ప అప్పు మీద తెచ్చిన మోటారు దించి, దండం పెట్టుకుని స్విచ్చి వేశాడు. గొట్టం ఒకసారి దగ్గింది. చెంబెడు బురద కక్కింది. ఆ తర్వాత గాలి. గట్టు అవతల పుల్లన్న మోటారు రాత్రీ పగలూ తేడా లేకుండా పోస్తూనే ఉంది. బీడులో ఆయన కొత్తగా చీనీ అంట్లు నాటించాడు. అంట్లకు గుంతలు తీసే కూలి పనికి చౌడప్పను పిలిచాడు. చేయి తిరిగినవాడు ఊళ్ళో అతనొక్కడే అన్నాడు. చౌడప్ప పోయాడు. అతని తోటలో ఆకులు అప్పటికే రాలిపోయాయి.

బండిని ఎడ్లబండి మీద వేసి ఇంటికి చేర్చారు. సంగతి తెలిసి దివాకర్ ధర్మవరం నుంచి బస్సెక్కి వచ్చాడు. వాకిట్లో బండి చుట్టూ తిరిగాడు. మోకాళ్ళ మీద వంగి కింద చూశాడు. వేలితో ఇంజను అడుగు తడిమి, ఆ వేలు చౌడప్పకు చూపించాడు. పొడిగా ఉంది.

"చూడన్నా, ఒక్క చుక్క లేదు. నేను చెప్పలా, ఈసారి కారితే నా పేరు దివాకర్ గాదని?"

మరునాడు పొద్దున్నే తిమ్మక్క వాకిట్లోకి వచ్చింది. నేల మీద మరక లేదు. చేతిలోని ఖాళీ బిందెను బండి పక్కన దించింది. వీధి చివర బోరింగు కొట్టి కొట్టి గాలి తప్ప రాక అప్పుడే తిరిగొచ్చింది.

ముగ్గు చెడగొట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు గానీ, కళ్ళాపి చల్లడానికి నీళ్ళు లేక ఆమె ముగ్గు వేయలేదు.